పులుసు కాచుట ఎవరి పని?

కోటి విద్యలు కూటి కొఱకే యని మన పెద్దలు చెప్పిరి. ఆ సామెతను మనము తరగతిలో ఎన్నియో మారులు పిల్లలకు వివరించి యుందుము. కాని కోటి విద్యలను నేర్పు మన పాఠశాలలో ఆ కూడు వండు విద్య యొక్కటి మాత్రము కానరాదు. త్రిభుజ వైశాల్యమును కట్టగల బాలుడు తన ఆకలికి ఒక గిన్నెడు పులుసు కాచుకొనలేడు. ఆమ్లములకును క్షారములకును గల భేదమును తప్పు లేకుండ వ్రాయగల విద్యార్థి, చింతపండు నీటిలో వేసిన సొరకాయముక్క ఎందుకు త్వరగా ఉడుకదో చెప్పలేడు. ఇది పిల్లల లోపము కాదు, మన లోపము. ఈ మాట ఇతరులను నిందించుటకు చెప్పుట లేదు. ముందుగా నన్ను నేనే నిందించుకొని పిదప చెప్పుచున్నాను.

నేను ముప్పది సంవత్సరములు ఉన్నత పాఠశాలలో సామాన్య శాస్త్రము బోధించితిని. నలువది ఏండ్లు వచ్చువరకు వంటయింట నేను గుర్తుపట్టగల వస్తువు మంచినీళ్ళ బిందె యొక్కటే. ఒక వర్షకాలమున నా భార్యకు టైఫాయిడు జ్వరము వచ్చినది. కొన్ని దినములకు జ్వరము తగ్గినది గాని, లేచి నిలువబడు శక్తి ఆమెకు లేకపోయినది. మా అబ్బాయి అప్పుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. మూడు పూటలు క్యారియరులో హోటలు భోజనము తెచ్చితిని. నాకును వానికిని గడచినది, ఆమెకు మాత్రము గడువలేదు. ఆ నూనెయు ఆ కారమును ఆమెకు సయింపలేదు. నాలుగవ పూట ఆమె నన్ను పిలిచి, "ఏమండీ, ఈ కూరలు నాకొద్దు. కాస్త సొరకాయ ముక్కలు వేసి పులుసు కాచండి. అన్నంలో కలుపుకొని నాలుగు ముద్దలు తింటాను" అన్నది.

పెండ్లియైన పదునెనిమిది సంవత్సరములలో ఆమె నన్ను వంట విషయమున కోరిన కోరిక అదియే. నేను ధైర్యముగా వంటయింటిలోనికి వెళ్ళితిని. చింతపండు ఏ డబ్బాలో ఉన్నదో తెలియదు. అబ్బాయియు నేనును అల్మరలోని డబ్బాలన్నియు దింపి వెదకితిమి. దొరకిన చింతపండును గుప్పెడు పిసికి, ఆ పులుసులోనే ముక్కలు వేసి పొయ్యి మీద పెట్టితిని. గంట గడచినది. పులుసు సగమైనది గాని ముక్కలు మాత్రము ఉడుకలేదు. "నాన్నగారూ, ముక్కలు ఎందుకు ఉడకలేదు?" అని అబ్బాయి అడిగినాడు. నాకు సమాధానము తోచలేదు. అంతకు ముందటి వారముననే తరగతిలో చింతపండు రసమున నీలి లిట్మసు కాగితమును ముంచి ఎఱ్ఱగా చేసి చూపినవాడను! మంచము మీదినుండి ఆమెయే నీరసముగా చెప్పినది: "పులుపు తగిలితే ముక్క ఉడకదండీ. ముందు ముక్కలు, తరవాత పులుసు."

ఏ పాఠ్యపుస్తకములోను నేను చదువని ఆ వాక్యము శాస్త్రదృష్టితో పరీక్షించినను అక్షరాల సత్యము. కాయగూరల కణములను అంటిపెట్టుకొని యుండు పెక్టిన్ అను పదార్థము కరగిననే ముక్క మెత్తబడును. ఆమ్లము ఆ కరగుటను అడ్డగించును. ఆమె చదివినది అయిదవ తరగతి వరకే. ఆ దినమున ఆమె యెదుట నా పట్టా చిన్నదైపోయినది. అంతకంటె నన్ను బాధించినది మఱియొకటి. పదునెనిమిది సంవత్సరములు దినమునకు రెండు పూటలు నాకు వండిపెట్టిన మనిషి ఒక్కపూట అడిగిన నాలుగు ముద్దల పులుసన్నము నేను పెట్టలేకపోయితిని. ఆ రాత్రి ఆమె పాలు త్రాగి పరుండినది.

మఱునాడు ఆమె చెప్పుచుండగా నేనును అబ్బాయియు కలిసి వండితిమి. అప్పటినుండి ఆదివారము రాత్రి పులుసు మా యింట మగవారి పని యైనది. ఆ వంట నాకు నేర్పిన దానిని సోదర ఉపాధ్యాయులకును విద్యార్థులకును చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన ముక్కల పులుసునే కొందఱు దప్పళ మందురు. సంక్రాంతి దినములలో ఇది లేని ఇల్లు అరుదు. గుమ్మడి, సొర, మునగకాడ, వంకాయ, బెండ, చిలగడదుంప, ఉల్లిపాయ, ఏది దొరకిన దానిని అది ఇముడ్చుకొనును. ఇంటిలో మిగిలిన రెండు వంకాయలు ఒక కూరకు చాలవు, అరముక్క సొరకాయ మఱియొక కూరకు చాలదు. పులుసులో రెండును చాలును. ఇంతటి పొదుపరి వంటకము మఱియొకటి లేదు. అనుకోని అతిథి వచ్చినను ఇల్లాలు బెదరదు. పులుసు అందఱికిని సరిపోవును.

కూరగాయలు ఉడికించిన వేడి రసము అలసిన మనిషికి ఊరట కలిగించునని కనుగొన్నవారము మనమే కాము. ప్రతి జాతియు ఈ సంగతిని తన పొయ్యి దగ్గర తానే తెలిసికొన్నది. నేడు ప్రపంచమంతట భోజనశాలకు వాడుకయైన రెస్టారెంటు అను మాట 18వ శతాబ్దిలో పారిస్ నగరమున మొదట భోజనశాలకు పేరు కాదు. నీరసించినవారికి తిరిగి బలము కలిగించు చిక్కని రసమునకు అది పేరు. ఆ రసము నమ్ము అంగళ్ళకు క్రమముగా అదే పేరు నిలిచినది. మన దక్షిణదేశపు చారును రుచి చూచిన ఆంగ్లేయులు తమిళుల మిళగు తణ్ణి, అనగా మిరియపు నీరు, అను మాటను ముల్లిగటానీగా మార్చుకొని తమ దేశమునకు కొనిపోయిరి. ఆకలి తీర్చు ఇండ్లకు ఒక రసము పేరు నిలుచుట ఊరక జరుగలేదు. మనిషి హోటలునకు వెళ్ళి వెదకునది కూడ మొదట ఇంటి పొయ్యి మీద దొరకినదే.

కరవు కాలమున గూడ మనిషిని నిలిపినది ఈ కుండయే. 1952లో రాయలసీమ కరవున గంజి కేంద్రములు వెలసినవి. అంతకు పూర్వమే గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు (1841–1909) కులమడుగక, వేళ చూడక వచ్చినవారి కెల్ల అన్నము పెట్టి అన్నపూర్ణ యనిపించుకొన్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మధ్యాహ్న బడి భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఏ విశ్వవిద్యాలయపు పట్టాయు లేని ఒక గృహిణి పేరు వేలకొలది పాఠశాలలలో పలుకబడుచున్నది. వంట చిన్నపని యనువారు ఈ సంగతిని ఒక్క నిమిషము తలంపవలెను.

ఇక ఈ వంటలో ఎంత చదువున్నదో చూడుడు. నలుగురి కుటుంబమునకు 800 గ్రాముల కూరగాయలు తీసికొందము. మొదట కడిగి, పిదప తరుగవలెను. తరిగిన పిదప కడిగినచో నీటిలో కరగు సి విటమిను కడిగిన నీళ్ళతో పోవును. వంకాయముక్కలను మాత్రము నీళ్ళలో వేసి యుంచవలెను. లేనిచో గాలి సోకి నల్లబడును. చిలగడదుంప, మునగకాడ వంటి గట్టివి ముందుగా, గుమ్మడియు సొరయు తరువాత పసుపు వేసిన నీటిలో ఉడుకవలెను. బెండకాయను కొంచెము నూనెలో వేయించి చివర వేసినచో జిగురు రాదు. మూతపెట్టి, నీరు తెర్లగానే మంట తగ్గింపవలెను. తెర్లుచున్న నీరు, మంట ఎంత పెంచినను, నూరు డిగ్రీలు దాటి వేడెక్కదు. పెంచిన మంట గ్యాసునే ఖర్చుచేయును గాని ముక్కను త్వరగా ఉడికింపదు. ఈ సత్యమును తరగతిలో నేను ఎన్ని ఏండ్లు చెప్పితినో! ఇంటిలో మాత్రము ఏనాడును మంట తగ్గించి యెఱుగను.

ముక్క మెత్తబడిన పిదప నిమ్మకాయంత చింతపండు రసము, ఉప్పు, చిన్న బెల్లపుముక్క వేయవలెను. ఒక చెంచా బియ్యపుపిండిని చన్నీళ్ళలో జారుగా కలిపి పోసినచో పులుసు చిక్కబడును. వేడి పులుసులో పొడిపిండిని వేసినచో ఉండలు కట్టును. చివర పోపు. ఆవాలు చిటపటలాడుట గింజలోని తేమ ఆవిరియై పగులగొట్టుటయే. మెంతులు మాడినచో పులుసంతయు చేదగును గనుక కన్ను మరల్చరాదు. ఇంగువయు కరివేపాకును వేసి కుండలో ఒలికింపగానే ఇల్లంతయు ఆ వాసన నిండును. ఆ చెంచా నూనె రుచికి మాత్రమే కాదు. గుమ్మడికి పసుపువన్నె నిచ్చు కెరొటీను కొంచెము కొవ్వు తోడున్ననే శరీరమునకు బాగుగా పట్టును.

లెక్కల పంతులుగారికి గూడ ఇందు పని కలదు. 1918లో కూనూరున ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969లో నేటి పేరు పొందిన జాతీయ పోషకాహార సంస్థ, 2024లో వెలువరించిన మార్గదర్శకములలో పెద్దవాని దినసరి పళ్ళెములో 400 గ్రాముల కూరగాయలుండవలెనని చెప్పినది. 800 గ్రాములను నలుగురికి పంచినచో తలకు 200 గ్రాములు. ఒక్క కుండ పులుసుతో దినమునకు కావలసిన దానిలో సగము ముగిసినది. దినమునకు మొత్తము మీద అయిదు గ్రాములకు లోపుగా ఉప్పు తినుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. పొట్లము చింపి నీళ్ళు పోయు సూపు పొడి మీద వ్రాసియున్న ఉప్పు లెక్కను పిల్లలచేత చదివించి దీనితో పోల్చి చూపినచో వేఱే ఉపన్యాసము అక్కఱలేదు.

చరిత్ర పాఠమును అందే యున్నది. వంకాయయు మునగయు మన నేల మీదివి. చింతచెట్టు ఆఫ్రికానుండి అతిప్రాచీనకాలమున మనకు వచ్చి, అరబ్బులచేత హిందూ దేశపు ఖర్జూర మనిపించుకొనునంతగా మనదైపోయినది. మిరపకాయ, చిలగడదుంప, టమాటా అమెరికా ఖండమునుండి సముద్రము దాటి వచ్చినవి. పోర్చుగీసులు మన తీరమునకు రాకపూర్వము మన పులుసునకు కారము నిచ్చినది మిరియమే. దూరదేశముల కాయలన్నియు మన కుండలో చేరి, నేడు ఏది మనది, ఏది పరాయిది అని విడదీయుటకు వీలుకాకున్నవి. ఇంతకంటె మంచి సాంఘికశాస్త్ర పాఠము నాకు తెలియదు.

ఇంత చెప్పినను అసలు ప్రశ్న మిగిలియే యున్నది. ఆ కుండ ఎవరు పెట్టవలెను? కేంద్ర ప్రభుత్వపు గణాంక శాఖ 2019లో దేశమంతట జనుల కాలవినియోగమును పరిశీలించినది. ఆరేండ్లు దాటిన స్త్రీలలో నూటికి 81 మంది ఏ దినమున చూచినను జీతము లేని ఇంటిపని చేయుచుండిరి. పురుషులలో అట్టివారు నూటికి 26 మందియే. చేయువారిలోనైనను స్త్రీలకు దినమునకు 299 నిమిషములు, పురుషులకు 97 నిమిషములు పట్టినవి. 299 నిమిషములనగా మన పాఠశాలలో ఒక దినపు బోధనకు ఇంచుమించు సమానము. ఆ బడికి ఆదివారము లేదు, వేసవి సెలవులు లేవు, పింఛను అంతకంటె లేదు.

"అమ్మ చేతి వంట" అని మన కథకులును కవులును ఎంతగానో మెచ్చుకొన్నారు. నేనును మెచ్చుకొన్నవాడనే. కాని ఆ పొగడ్తలో ఒక చిన్న మోసము కలదని ఇప్పుడు నాకు తోచుచున్నది. అమ్మ చేతిలోనే ఆ రుచి యున్నదని చెప్పి, ఆ చేతికి విశ్రాంతి లేకుండ చేసితిమి. రుచి చేతిలో లేదు. ముక్కలు ముందు, పులుసు తరువాత అను తెలివిలో ఉన్నది. తినువాడు అలసియున్నాడని గుర్తెఱిగిన మనస్సులో ఉన్నది. ఆ తెలివియు ఆ మనస్సును కొడుకునకు రాకూడదన్న నియమ మెక్కడను లేదు. అమ్మకు నిజముగా కృతజ్ఞత చూపదలచినవాడు ఆమె వంటను పొగడుట కంటె, ఆమెను ఒక సాయంకాలము కూర్చుండబెట్టి వడ్డించుట మేలు.

దీనికి ఎదురుగా చెప్పబడు మాటలు నేనెఱుగుదును. పిల్లలకు చదువుకొనుటకే తీరిక లేదు, వంట యెక్కడ నేర్తురని కొందఱందురు. మా పులుసునకు ముక్కలు తరుగుట మొదలు పోపు వేయువరకు ముప్పావుగంట పట్టును. చేతిలోని ఫోను మీద అంతకు మించిన కాలమును పోగొట్టని ఇల్లు నేడు ఎన్ని కలవు? కావలసినప్పుడు హోటలునుండి తెప్పించుకొనవచ్చును గదా యని మఱికొందఱందురు. తెప్పించుకొనవచ్చును, తప్పులేదు. కాని తెప్పించుకొనుట తప్ప వేఱు దారి తెలియనివాడు స్వతంత్రుడు కాడు. పై చదువునకు పట్నము వెళ్ళి, అద్దె గదిలో జ్వరముతో పడియున్న కుఱ్ఱవానికి పక్కవాడు ఇంత చారు కాచి పెట్టగలిగినచో, ఆ ఇద్దఱి చదువునకును ఒక అర్థము చేకూరును.

నిప్పు, కత్తి పిల్లలకు ప్రమాదము కాదా యని అడుగువారి సందేహము న్యాయమైనది. అందువలననే పెద్దల కనుసన్నలలో నేర్పవలెనని నేను చెప్పుట. ఆఱవ తరగతివాడు కూరగాయలు ఎంచి, కడిగి, చింతపండు నానవేయవచ్చును. పొయ్యి దగ్గరకు పెద్ద తరగతులవారే రావచ్చును. ఆడపిల్లలకు గృహవిజ్ఞాన మున్నది గదా యని ఊరకుండువారికి మాత్రము నా సమాధాన మొక్కటే: ఆకలి ఆడపిల్లలకు మాత్రమే కాదు.

1937లో వార్ధాలో గాంధీజీ పనిద్వారా చదువు అను భావమును దేశము ముందుంచిరి. ఆ దారిని మనము ఎంత దూరము నడచితిమో అందఱకును తెలిసినదే. 2020 జాతీయ విద్యావిధానము ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గల కాలములో పది దినములు పిల్లలు పుస్తకముల సంచి లేకుండ చేతిపనులు తెలిసికొనవలెనని చెప్పినది. ఆ పదింటిలో ఒక్క దినము పులుసు కుండకు కేటాయింపుడని నా మనవి. ఆ దినమున సంతకు వెళ్ళి కూరగాయలు కొని లెక్క వ్రాయుట మొదలు, తిని గిన్నెలు తోముట వరకు బాలురును బాలికలును సమానముగా చేయవలెను. గిన్నెలు తోముట మఱువరాదు. వండి మెప్పుపొందుటకు చాలమంది ముందుకు వత్తురు. తోముటకు వచ్చినవాడే వంట నేర్చినవాడు. ఒక కుండలోని పులుసును అన్ని కులముల పిల్లలును ఒక్క పంక్తిలో కూర్చుండి తినుట సీతమ్మగారికి మనము చేయగల అసలైన నివాళి. దీనికి మార్కులు మాత్రము పెట్టకుడు. మార్కులు పెట్టినచో దీనికిని గైడులు వచ్చును, ట్యూషనులు వచ్చును, పులుసు మాత్రము రాదు.

విద్యార్థులకు ఒక్క మాట. మీరు ఈ ఆదివారము మీ అమ్మగారి నడిగి ముక్కల పులుసు కాచి చూడుడు. మొదటిమారు ఉప్పెక్కువ కావచ్చును, మెంతులు మాడవచ్చును. నా మొదటి పులుసు కంటె హీనముగా నుండదని మాత్రము నేను హామీ ఇయ్యగలను. వండినది మొదట ఆమెకు వడ్డింపుడు. ఆమె ఏమియు అనకపోవచ్చును. రెండవమారు వేయించుకొన్నదో లేదో చూచుకొనుడు, అదియే మీ ఫలితము.

మా అబ్బాయి ఇప్పుడు ఉద్యోగరీత్యా దూరదేశమున, మంచు కురియు పట్టణమున ఉన్నాడు. అక్కడ మునగకాడలు దొరకుట కష్టము. దొరకిన క్యారెట్లతోను గుమ్మడితోను ఆదివారము రాత్రి పులుసు కాచునట. అతని భార్య ఆ రాత్రి వంటయింటిలోనికి రాదట. ఇటీవల ఫోనులో వాని ఏడేండ్ల కూతురు నాకు ఒక ప్రశ్న వేసినది: "తాతగారూ, ముక్కలు ముందా, పులుసు ముందా? చెప్పండి చూద్దాం!" నేను చెప్పితిని. ప్రక్కన కూర్చున్న నా భార్య నవ్వి, "మీ తాతగారికి అది నేర్పడానికి నాకు టైఫాయిడు రావలసివచ్చింది" అన్నది.

మన విద్యార్థులు ఆ పాఠము నేర్చుకొనుటకు ఏ తల్లికిని జ్వరము రానక్కఱలేకుండ చేయుట మన చేతిలో ఉన్నది.